టురాక్: డైనోసార్లు తక్కువ, గెంతులు ఎక్కువ

నింటెండో 64 అనే వీడియోగేమ్ యంత్రం కోసం 1997 మార్చిలో వచ్చిన ‘టురాక్: డైనోసార్ హంటర్’ నా దగ్గరున్న ఆటలన్నిటిలో నాచేత ఎక్కువ తిట్లు తిన్నది. అయినా అమ్మెయ్యలేదు. అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరి, నలుగురం ఒక అపార్ట్‌మెంట్ పంచుకున్న రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కార్ట్రిడ్జ్ (ఆట నింపి ఉన్న ప్లాస్టిక్ డబ్బీ) అది. అదే ఆట కొత్త రూపంలో ఇప్పుడు నింటెండో వాళ్ల తర్వాతి యంత్రం స్విచ్ మీద కూడా ఉంది నా దగ్గర. రెండూ చివరిదాకా ఆడాను కాబట్టి రెండింటి గురించీ చెబుతాను. ముందే ఒక మాట: పేరు చూసి, ఆట నిండా డైనోసార్ల వేటే అనుకుని కొంటే సగం నిరాశ తప్పదు.

కథకి పెద్దగా చోటు లేదు. టురాక్ 1954 నుంచి కామిక్స్‌లో ఉన్న పాత్ర. ఈ ఆటలో అతని అసలు పేరు టాల్‌సెట్, అమెరికా ఆదివాసీ యోధుడు. టురాక్ అన్నది ఆ వంశంలో పెద్దకొడుక్కి తరతరాలుగా దక్కే పదవి. క్యాంపెయినర్ అనే విలన్ చేతికి చిక్కకుండా క్రోనోసెప్టర్ అనే ఆయుధం ముక్కలు ఎనిమిదింటినీ ఏరుకురావాలి. లెవెల్‌కి ఒక ముక్క. ఇదంతా డబ్బాలో ఇచ్చిన చిన్న పుస్తకంలో చదువుకోవాల్సిందే. ఆటలోకి దిగాక కత్తి, విల్లు చేతికిచ్చి అడవిలో వదిలేస్తారు, అంతే.

ఇక డైనోసార్లు. రాప్టర్లు ఉన్నాయి, అవి బాగా ఉన్నాయి. అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చి, ఒక్క గెంతులో మీద పడతాయి. తుపాకులు బిగించిన ట్రైసెరటాప్స్ ఉంది. చివరికి వస్తుంటే సగం యంత్రంలా మార్చిన టిరానోసారస్ ఎదురవుతుంది. ఆ పోరాటం ఒక్కటి చాలు, ఆట పేరు నిలబెట్టడానికి. కానీ లెక్క చూస్తే మీరు ఎక్కువగా కాల్చేది మనుషుల్నే. తుపాకీ పట్టిన సైనికులు, వేటగాళ్లు, ఈటెలు విసిరే యోధులు, ఆ తర్వాత పెద్ద పెద్ద పురుగులు. కాల్చినవాళ్లు కాసేపటికి మళ్లీ పుట్టుకొస్తారు కూడా. మా అబ్బాయికి చిన్నప్పటి నుంచీ డైనోసార్ల పిచ్చి. సెలవులకి ఇండియా వచ్చినప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో, ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం కింద నిలబడి కదలనన్నాడు. వాడు ఈ ఆట పట్టుకున్నాక మొదట అడిగింది, ‘నాన్నా, ఇంకా డైనోసార్లు ఎప్పుడొస్తాయి?’ అని.

ఈ ఆటలో అసలు పని గెంతడం. కాల్చడానికి పట్టే సమయం కంటే స్తంభం మీద నుంచి స్తంభం మీదకి దూకడానికి పట్టే సమయమే ఎక్కువ. మామూలుగా ఇలాంటి గెంతులాటల్లో మన బొమ్మ మనకి కనిపిస్తుంది. ఇక్కడ కెమెరా టురాక్ కళ్లలో ఉంది, పాదాలు కనపడవు. అంచు దగ్గరికొచ్చానా లేదా అన్నది తల కిందికి వంచి చూసుకుంటే తప్ప తెలీదు. తప్పితే అడుగులేని లోయ, ఒక ప్రాణం పోయినట్టే. ప్రాణాలన్నీ అయిపోతే ఎప్పుడో సేవ్ చేసిన చోటికి. దారి పొడవునా కనపడే త్రికోణపు బిళ్లలు ఏరుకుంటూ, వందయితే ఇంకో ప్రాణం సంపాదించుకుంటూ పోవాలి. చెట్ల మీద ఊరు కట్టిన లెవెల్ ఒకటుంది. అందులో నేను వాడిన భాష ఇక్కడ రాయలేను.

తాళంచెవుల సంగతి ఇంకోటి. తర్వాతి లెవెల్స్ తలుపులు తెరిచే చెవులు ముందు లెవెల్స్‌లో మూలమూలల్లో దాచారు. ఒక్కటి వదిలేసి ముందుకెళ్లామా, అంతా మళ్లీ తిరగాలి. స్క్రీన్ మీద గీతల మ్యాప్ వేసుకోవచ్చు గానీ, అది మనం తిరిగిన చోటునే చూపిస్తుంది, వెళ్లాల్సిన చోటుని కాదు. ఇప్పటి ఆటల్లో బాణం గుర్తులకి అలవాటుపడ్డవాళ్లకి ఇది చిరాకే. నాకు మాత్రం ఇందులోనే మజా ఉంది. జలపాతం వెనక్కి పోయి చూద్దామని బుద్ధి పుట్టి, అక్కడ నిజంగానే ఏదో దొరికితే ఆ ఆనందం వేరు.

ఇప్పుడు అందరూ తిట్టిన విషయం: మంచు. ఆటంతా దట్టమైన పొగమంచే. కారణం తెలిసిందే. యంత్రంలో ఉన్న మెమరీ 4 ఎంబీ, కార్ట్రిడ్జ్ మొత్తం 8 ఎంబీ. అంత పెద్ద అడవిని దూరం దాకా గీసి చూపించే శక్తి ఆ యంత్రానికి లేదు. అందుకని కాస్త దూరం తర్వాత అంతా బూడిదరంగు తెర కప్పేశారు. అప్పటి సమీక్షల్లో ఇదే మొదటి ఫిర్యాదు, నేనూ మొదట్లో అదే పాట పాడాను. ధనుర్మాసం తెల్లవారుజామున హైవే మీద బండి నడుపుతున్నట్టు, కళ్లు చికిలించుకుని ముందుకు వంగి ఆడేవాణ్ణి.

కానీ ఈ ఆటలో టెన్షన్ పుట్టేది అక్కడే. రాప్టర్ అరుపు ముందు వినిపిస్తుంది, రాప్టర్ కనిపించదు. ఎటువైపు నుంచి వస్తుందో తెలీదు. వెనుక డప్పుల మోత. తెరలోంచి ఒక ఆకారం నల్లగా కదిలి, అది రాప్టర్ అని తెలిసేసరికి మీద పడి ఉంటుంది. షాట్‌గన్ ఎందుకంత ముద్దొస్తుందో అప్పుడర్థమవుతుంది. దూరం నుంచి గురిపెట్టి కొట్టే ఆట కాదిది, ముఖం మీదకొచ్చాక కొట్టే ఆట. యంత్రం చాలక చేసిన సర్దుబాటు ఆట స్వభావాన్నే తయారుచేసింది. చేసినవాళ్లు అది ఉద్దేశించారని నేననను, నా మీద పనిచేసిందని మాత్రం చెప్పగలను.

ఆయుధాల గురించి ఎవరికీ ఫిర్యాదు ఉండదు. కత్తి నుంచి మొదలై, పేలే బాణాలు, మినీగన్, ఒకేసారి నాలుగు రాకెట్లు వదిలేది, చివర్లో స్క్రీన్ మొత్తం అదిరిపోయేలా పేలే ఫ్యూజన్ కెనాన్ దాకా వెళ్తుంది. పెద్దవాటికి గుళ్లు పొదుపుగా దొరుకుతాయి, అందుకే చాలామందిలాగే నేనూ వాటిని ‘అవసరానికి’ దాచి దాచి, విల్లుతోనే ఎక్కువ దూరం నడిచాను. శత్రువులు చచ్చే తీరు మోషన్ క్యాప్చర్‌తో, అంటే నిజం మనుషుల కదలికల్ని రికార్డు చేసి తీసింది. గొంతు పట్టుకుని, రక్తం చిమ్ముతూ కూలేవాళ్లున్నారు. ఈ ఆటకి పెద్దలకే అన్న ‘ఎం’ రేటింగ్ ఇచ్చింది ఊరికే కాదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆలోచించుకోండి.

కంట్రోలర్ సంగతి కొత్తవాళ్లకి వింతగా ఉంటుంది. ఎడమ బొటనవేలితో కర్ర తిప్పి చూడాలి, కుడి బొటనవేలితో పసుపురంగు బటన్లు నొక్కి నడవాలి. ఇప్పటి అలవాటుకి సరిగ్గా తిరగేసి. వేళ్లకి పట్టేదాకా గోడలకి గుద్దుకోవడమే. పట్టాక మాత్రం పక్కకి జరుగుతూ కాల్చడం ఎంత హాయిగా ఉంటుందో.

ఇద్దరు కలిసి ఆడే వీలు మాత్రం లేదు. అదే ఏడాది ఆగస్టులో ‘గోల్డెన్‌ఐ’ అనే ఇంకో కాల్పుల ఆట వచ్చింది, అందులో నలుగురూ కలిసి ఒకర్నొకరు కాల్చుకోవచ్చు. ఇంకేముంది, శుక్రవారం రాత్రి మా రూమ్మేట్లు టీవీని దానికి రాసిచ్చేశారు. వాళ్లు పడుకున్నాక నా టురాక్. ఒంటరిగా, సౌండ్ తగ్గించి. నిజానికి ఈ ఆటకి అదే సరైన వేళ.

2019లో స్విచ్ మీదకి వచ్చినది నైట్‌డైవ్ స్టూడియోస్ చేసిన రీమాస్టర్, అంటే పాత ఆటకే కొత్త యంత్రాల కోసం మెరుగులు దిద్దిన రూపం. అదే పీసీ మీద 2015లోనే వచ్చింది. పని నీట్‌గా చేశారు. వెడల్పాటి స్క్రీన్ నిండుగా, చకచకా నడుస్తుంది, కంట్రోల్స్ ఇప్పటి పద్ధతికి మారాయి. అన్నిటికన్నా ముఖ్యంగా మంచుని బాగా వెనక్కి నెట్టారు. దాంతో గెంతులు సగం సులువయ్యాయి, ఎదుటి స్తంభం కనిపిస్తోంది కదా! దారి తప్పడం తగ్గింది. మా అబ్బాయి పెద్దగా తిట్టుకోకుండానే పూర్తి చేశాడు. నేను ఆడితే మాత్రం ఏదో వెలితి. అల్లంత దూరంలో రాప్టర్ నిలబడి కనిపిస్తోంది. తీరిగ్గా బాణం ఎక్కుపెట్టి పడేస్తున్నాను. అడవి బట్టబయలైపోయేసరికి గోడలు ఎంత బోసిగా ఉన్నాయో, అవే చెట్లు ఎన్నిసార్లు వాడారో కూడా తెలిసిపోతోంది. ‘బానే ఉంది కదా నాన్నా, దీనికి భయపడ్డావా?’ అన్నాడు వాడు. పాత యంత్రం బిగించి లైట్లార్పి ఆడించాను. పావుగంటకి కళ్లు నొప్పులని లేచాడు గానీ, రాప్టర్ మీద పడ్డప్పుడు ఉలిక్కిపడటం నేను చూశాను.

మొదటిసారి ఆడేవాళ్లు రీమాస్టర్ తీసుకోండి. అందులో సందేహం లేదు, ధర కూడా తక్కువే. పాతదే కావాలనుకునేవాళ్లు కార్ట్రిడ్జ్ ఒక్కటే కొని ఊరుకోకండి. ఈ ఆట సేవ్ అయ్యేది కంట్రోలర్ వెనుక గుచ్చే మెమరీ కార్డులో, అంటే కంట్రోలర్ ప్యాక్‌లో. అది లేకపోతే ఆపిన ప్రతిసారీ మొదటికి రావాల్సిందే. పాత ప్యాక్ దొరికితే లోపల ఉండే బటన్ బ్యాటరీ బతికుందో లేదో చూసుకోండి. అది అయిపోతే సేవ్ చేసినవన్నీ పోతాయి, చెట్ల మీద ఊరు మళ్లీ ఎక్కాలి.