ఎనిమిదేళ్లు వాడాక పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం గురించి నా మాట

ఉదయం 10:15కి ఫీజు కట్టిన ఒకాయనకి రసీదులో ముందు రోజు రాత్రి 11:45 అని వచ్చింది. పేజీ రిఫ్రెష్ చేస్తే టైమ్ సరిగ్గా ఉంది. ఇంకోసారి చేస్తే మళ్లీ తప్పు. కట్టిన డబ్బు లెక్కలోకి వచ్చిందో లేదోనని ఆయనకి టెన్షన్, తప్పు ఎక్కడుందో తెలియక నాకు టెన్షన్.

ఎంజినెక్స్ అనే వెబ్ సర్వర్ వెనక పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం పెట్టి ఎనిమిదేళ్లుగా సైట్లు నడుపుతున్నాను. వర్కర్లు అనే ప్రాసెస్‌లతో పీహెచ్‌పీ కోడ్‌ని నడిపించే ప్రోగ్రామ్ ఇది. 2010లో 5.3.3 వెర్షన్‌తో ఇది పీహెచ్‌పీలోనే భాగమైంది. ఇన్నేళ్లలో దానంతట అది పడిపోయిన రోజు నాకు గుర్తు లేదు. నన్ను నిజంగా ఏడిపించింది మాత్రం ఈ రసీదు ఒక్కటే.

ముందు కోడ్ మీదే అనుమానపడ్డాను. టైమ్‌జోన్ మార్చే లైన్ కోసం ఫైళ్లన్నీ వెతికాను, ఎక్కడా లేదు. పీహెచ్‌పీ సెట్టింగుల ఫైల్ పీహెచ్‌పీ.ఐఎన్‌ఐలో ఆసియా/కోల్‌కతా అని శుభ్రంగా ఉంది. సాయంత్రం రీస్టార్ట్ చేస్తే అంతా బాగుండేది, తెల్లారేసరికి మళ్లీ మొదలయ్యేది. చివరికి ప్రతి రిక్వెస్ట్‌కీ రెండే విషయాలు లాగ్‌లో రాయించాను: ఆ క్షణానికి ఉన్న టైమ్‌జోన్, పని చేసిన వర్కర్ పిడ్ (ప్రాసెస్ నంబర్). అరగంటలో గుట్టు బయటపడింది. ఆరు వర్కర్లలో నాలుగు ఎప్పుడూ తప్పే చూపిస్తున్నాయి, రెండు ఎప్పుడూ ఒప్పే. తప్పు చూపేవాటిలో ఉన్నది అమెరికా/చికాగో. వేసవిలో మనకీ చికాగోకీ తేడా సరిగ్గా పదిన్నర గంటలు!

అదే పూల్‌లో, అంటే అదే వర్కర్ల గుంపు మీద, చికాగో క్లయింట్ సైట్ ఇంకొకటి ఉంది. దాని ఎంజినెక్స్ బ్లాక్‌లో ఫాస్ట్‌సీజీఐ పారామ్ (రిక్వెస్ట్‌తో పాటు ఎంజినెక్స్ పంపే విలువ) ద్వారా పీహెచ్‌పీ_వాల్యూ పెట్టి టైమ్‌జోన్ పంపుతున్నాం. కోడ్‌లో ఐఎన్‌ఐ_సెట్ ఫంక్షన్‌తో చేసిన మార్పు రిక్వెస్ట్ అవగానే పాత విలువకి వెళ్లిపోతుంది. మేం వాడిన 7.4లో, ఇలా బయటి నుంచి వచ్చిన విలువ మాత్రం ఆ వర్కర్ ఉన్నంతకాలం అంటుకునే ఉండేది. చికాగో రిక్వెస్ట్‌ని ఒక్కసారి తాకిన వర్కర్ తర్వాత మన సైట్‌కి కూడా చికాగో టైమే ఇచ్చేది. వాళ్ల పగలు మనకి రాత్రి కాబట్టి, తెల్లారేసరికి ఎక్కువ వర్కర్లు అలా మారిపోయేవి. చికాగో సైట్ ప్రతిసారీ తన విలువ తనే పంపుకుంటుంది గనక దానికి ఎప్పుడూ తప్పు రాలేదు. అందుకే ఎవరూ అటు చూడలేదు.

పీఎం.మ్యాక్స్_రిక్వెస్ట్స్ (ఇన్ని రిక్వెస్టుల తర్వాత వర్కర్‌ని మార్చమనే సెట్టింగ్) పెడితే వర్కర్లు మారుతూ ఉంటాయి, కానీ అది తప్పుని తగ్గిస్తుందే తప్ప ఆపదు. మేం సైట్‌కో పూల్ పెట్టి, టైమ్‌జోన్‌ని ఆ పూల్ ఫైల్లోనే పీహెచ్‌పీ_అడ్మిన్_వాల్యూ అనే సెట్టింగ్‌గా రాశాం. ఆ రోజు నుంచి రసీదుల మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు.

కొత్తగా పెట్టేవాళ్లకి నేను ఇప్పటికీ పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంనే చెప్తాను, మొదటి రోజే పూల్స్ విడదీయమని మాత్రం గట్టిగా చెప్తాను. పూల్స్ పెరిగితే మెమరీ ఎక్కువ పడుతుందని మరీ భయపడక్కర్లేదు. వర్కర్లని నడిపే మాస్టర్ ప్రాసెస్ ఒకటే అయితే ఓపీక్యాష్ (కంపైల్ అయిన కోడ్ దాచుకునే మెమరీ) అన్ని పూల్స్‌కీ ఉమ్మడిగానే ఉంటుంది. జనం తక్కువగా వచ్చే సైట్‌కి పూల్ ఫైల్లో పీఎం అనే సెట్టింగ్ విలువ ఆన్‌డిమాండ్ అని పెడితే పని లేనప్పుడు వర్కర్లే ఉండవు. మా చికాగో సైట్ ఇప్పుడు అలాగే నడుస్తోంది.