నడుం బెల్టు నుంచి ఆపరేషన్ దాకా: డిస్క్ నొప్పికి నేను వాడినవి, వాటి ఫలితం

నాకు నడుంలో ఎల్4-ఎల్5 డిస్క్, అంటే నాలుగో, ఐదో నడుం పూసల మధ్య ఉండే దిండు లాంటిది, జారి చాలా ఏళ్లయింది. మొదటిసారి ఆపరేషన్ లేకుండానే తగ్గింది. కొన్నేళ్లకు అదే చోట మళ్లీ జారింది, అప్పుడు ఆపరేషన్ తప్పలేదు. ఈ మధ్యలో బెల్టు, ట్రాక్షన్ (నడుంను సాగదీసి లాగి ఉంచడం), మాత్రలు, వెన్నులో ఇంజెక్షన్, వ్యాయామం అన్నీ వాడాను. కొన్ని ఇప్పటికీ వాడుతున్నాను. నడుం నొప్పి అనగానే చుట్టూ ఉన్నవాళ్లంతా తలో సలహా ఇస్తారు గానీ, అసలు నీకున్నది ఏ జబ్బు అని అడిగేవాళ్లు తక్కువ. నేను డాక్టర్ని కాను. నా ఒంటి మీద జరిగింది, దాని కోసం చదివి తెలుసుకున్నది మాత్రం వివరంగా చెప్పగలను.

వెన్నులో కదిలే పూసలు 24. మెడలో 7, వీపులో 12, నడుంలో 5. మెడలో మొట్టమొదటి రెండింటి మధ్య తప్ప మిగతా పూసల మధ్య ఒక్కో డిస్క్ ఉంటుంది. బయట గట్టి పొరలు, లోపల మెత్తటి గుజ్జు. పెద్దవాళ్ల డిస్క్ లోపలికి రక్తనాళాలు వెళ్లవు. పక్క పూసల నుంచి ఊరి వచ్చే పోషకాలే దానికి ఆధారం, అందుకే దెబ్బతింటే మానడం చాలా నిదానం. పై పొర చిరిగి గుజ్జు బయటికి పొడుచుకొచ్చి పక్కనున్న నరాన్ని తాకితే నొప్పి నడుం దగ్గర ఆగదు. పిర్ర, తొడ వెనక భాగం, పిక్క మీదుగా పాదం దాకా జివ్వున లాగుతుంది. సయాటికా అనేది దీన్నే. నడుంలో జారే డిస్కుల్లో దాదాపు 95 శాతం కింది రెండు చోట్లే ఉంటాయి, ఎల్4-ఎల్5, దాని కింద ఎల్5-ఎస్1 (ఆఖరి నడుం పూసకూ త్రికాస్థికీ మధ్య). నరం నలగడం ఒక్కటే ఈ కాలి నొప్పికి కారణం కాదు. బయటికొచ్చిన గుజ్జు వల్ల నరం చుట్టూ వాపు కూడా వస్తుంది. కింద ఇంజెక్షన్ దగ్గర ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

ఎంఆర్ఐ రిపోర్టు చేతికొచ్చిన రోజు మా ఇంట్లో అందరికీ టెన్షనే. ఒక డిస్క్ జారింది, ఇంకోటి ఉబ్బింది, మరోటి ఎండిపోయింది అని పేజీ నిండా ఉంది. తర్వాత తెలిసిందేమిటంటే, ఏ నొప్పీ లేనివాళ్లను స్కాన్ చేసినా ఇవే కనిపిస్తాయి. అలాంటి స్కాన్‌ల మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో ఒక సమీక్ష వేశారు. 20 ఏళ్ల వయసువాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ ఉబ్బి ఉంది, 80 ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి. వాళ్లెవరికీ నడుం నొప్పి లేదు. కాబట్టి రిపోర్టులో ఉన్న ప్రతి మాటకీ బెంబేలు పడనక్కర్లేదు. స్కాన్‌లో కనిపించిన చోటూ, కాల్లో నొప్పి ఉన్న చోటూ కలుస్తున్నాయా అన్నదే చూడాలి.

అది చూడాల్సింది డాక్టరు. మొదట వెళ్లిన చోట ఫిల్ము వెలుతురుకు పెట్టి చూశారు, మందులు రాశారు, కాలు ముట్టుకోలేదు. రెండో డాక్టరు ఫిల్ము పక్కన పెట్టి ముందు నడవమన్నారు. మడమల మీద కొన్ని అడుగులు, మునివేళ్ల మీద కొన్ని అడుగులు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు పైకెత్తారు. సగం లేవకముందే పిక్క దాకా కరెంటు కొట్టినట్టయింది. తర్వాత నా రెండు బొటనవేళ్ల మీద తన వేళ్లు పెట్టి, "నన్ను తోసేయండి చూద్దాం, మీ వైపుకి లాగండి" అన్నారు. రెండూ సమానంగానే లేచాయి. "ఎల్5 నరం గుంజుతోంది గానీ బలం పోలేదు. ఆపరేషన్ మాట ఇప్పుడొద్దు" అన్నారు. నాలుగైదు నిమిషాల పని. వెన్ను నొప్పికి ఎవరి దగ్గరికి వెళ్లినా ఈ పరీక్షలు చేస్తున్నారో లేదో గమనించండి. చేయకపోతే అడిగి చేయించుకోండి.

ఇక చికిత్సల సంగతి.

బెల్టు కట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది, అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. నొప్పి భరించలేని రోజుల్లో ప్రయాణం చేయాల్సి వస్తే పనికొచ్చింది. ట్రాక్షన్ అయితే మంచం మీద ఉన్నంతసేపు హాయిగా ఉండేది, దిగి బట్టలు సర్దుకునేలోపు మళ్లీ మామూలే. చాలాకాలంగా ఉండే నడుం నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. మామూలుగా వాడొద్దన్నవాటిలో నడుం బెల్టులు, ట్రాక్షన్ రెండూ ఉన్నాయి. నా అనుభవమూ అదే.

మంచం దిగొద్దనే సలహా ఇంకా వినిపిస్తూనే ఉంది. రెండు రోజుల విశ్రాంతికీ ఏడు రోజుల విశ్రాంతికీ తేడా ఎంతని 1986లోనే పరీక్షించి చూశారు. రెండు రోజులకే లేచినవాళ్లు పనికి త్వరగా వెళ్లారు, మిగతా విషయాల్లో ఏడు రోజులు పడుకున్నవాళ్లు వాళ్ల కన్నా మెరుగుపడిందేమీ లేదు. పరుపు విషయానికొస్తే, రాయిలాంటి గట్టి పరుపు కన్నా ఓ మాదిరి గట్టిది నయమని 2003లో వచ్చిన ఒక పరీక్షలో తేలింది. నేల మీద పడుకుని నడుం ఇంకా పట్టేయించుకున్నవాళ్లు నాకు తెలుసు.

మాత్రల్లో వాపు తగ్గించే నొప్పి మాత్రలు మొదటి వారాల్లో ఉపయోగపడ్డాయి. వాటిని నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు హాని, బీపీ పెరగడం లాంటివి వస్తాయి, అందుకని డాక్టరు చెప్పిన గడువు దాటనివ్వలేదు. నరాల మాత్ర అని ప్రిగాబలిన్ కూడా ఇచ్చారు. దాంతో పగలంతా మత్తు, లేస్తే కళ్లు తిరగడం, కాలి నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది. సయాటికా ఉన్నవాళ్లకు ఈ మందు ఇచ్చి చేసిన పరీక్ష ఒకటి 2017లో వచ్చింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర కన్నా ఇది నొప్పిని ఎక్కువ తగ్గించలేదు, తల తిరగడం లాంటి ఇబ్బందులు మాత్రం ఎక్కువగా కనిపించాయి. ఎవరికైనా ఇది పడకపోతే ఉన్నపళంగా ఆపేయొద్దు. డాక్టరుతో చెప్పి కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

నన్ను మళ్లీ నిలబెట్టింది ఫిజియోథెరపీ. కరెంటు పెట్టడం, వేడి కాపడం గురించి చెప్పడం లేదు. అవి ఆ పూటకే. నేను చెప్పేది వ్యాయామం గురించి. మా ఫిజియోథెరపిస్టు మొదటి రోజు చేయించింది ఒక్కటే. బోర్లా పడుకుని, కాసేపయ్యాక మోచేతుల మీద లేవడం. అది అలవాటయ్యాక, నడుం వదులుగా ఉంచి చేతుల బలంతో ఛాతీ పైకెత్తడం. "నొప్పి ఎంత ఉందని చూడకండి, ఎక్కడ ఉందో చూడండి. పాదంలో ఉన్నది పిక్కలోకి, పిక్కలో ఉన్నది తొడలోకి వస్తోందంటే, నడుంలో కాస్త ఎక్కువైనా సరే, అది మంచికే. కిందికి దిగుతుంటే మాత్రం వెంటనే ఆపేయండి" అన్నారావిడ. అక్షరాలా అలాగే జరిగింది. ముందు పాదం మీద మంట పోయింది, తర్వాత పిక్క వదిలింది. ఆఖరికి పిర్రలో ఒక చోట మొండిగా కొన్ని వారాలు ఉండి అదీ తగ్గింది. న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. నొప్పి ఎటు కదులుతోందో దాన్నిబట్టి వ్యాయామం ఎంచుకోవడం అందులో కీలకం. నాకు వెనక్కి వంగడం పడింది, అందరికీ అదే పడాలని లేదు.

మొదటిసారి అంత పెద్ద ముక్క బయటికొచ్చినా ఆపరేషన్ లేకుండా ఎలా తగ్గిందని చాలామంది అడిగారు. బయటపడ్డ గుజ్జును మన ఒంట్లోని రక్షణ కణాలే మెల్లగా కరిగించేస్తాయి. పెద్దగా బయటికొచ్చినవే ఎక్కువ కరుగుతాయి కూడా. ఆపరేషన్ లేకుండా గమనించినవాళ్ల మీద వచ్చిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పూర్తిగా తెగి విడిపోయిన ముక్కలు 96 శాతం మందిలో తగ్గాయి, ఊరికే ఉబ్బిన డిస్కులు 13 శాతం మందిలోనే తగ్గాయి. కాలి బలం తగ్గనంత వరకు ఆరు నుంచి పన్నెండు వారాలు ఆగి చూద్దామని డాక్టర్లు అనేది ఇందుకే.

ఇంజెక్షన్ ఆ ఆగే రోజుల్లోనే వేయించుకున్నాను. బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ నరం పక్కకు సూది పంపి స్టెరాయిడ్, మత్తుమందు కలిపి ఇస్తారు. మందు చేరేటప్పుడు కాలంతా బరువెక్కింది. రెండు మూడు రోజుల తర్వాత నొప్పి సగానికి తగ్గింది, కొన్ని వారాలు అలాగే ఉంది. ఇది నరం చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుంది, జారిన డిస్క్‌ను లోపలికి పంపదు. నాకు దీని విలువ ఏమిటంటే, ఆ కొన్ని వారాల్లో నిద్ర పట్టింది, వ్యాయామం కుదిరింది. ఇంజెక్షన్ వేయించుకుని ఊరుకుంటే దాని లాభం సగం పోయినట్టే. షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ముందే చెప్పాలి. చాలా అరుదే అయినా నరాలకు తీవ్రమైన హాని జరగొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. అనుభవం ఉన్నవాళ్ల చేతే వేయించుకోవాలి.

రెండోసారి కథ వేరు. నొప్పి మొదటిసారంత లేదు కానీ, నడుస్తుంటే ఎడమ చెప్పు తెలియకుండానే జారిపోయేది. మెట్టెక్కుతుంటే బొటనవేలు అంచుకు తగిలేది. మడమల మీద నిలబడితే ఎడమ పాదం ముందుభాగం లేవలేదు. ఎల్5 నరం బలం పోతోందని దానర్థం. బలం రోజురోజుకూ తగ్గుతుంటే ఆగి చూడడం సరికాదు, అందుకే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను.

ఒక ఆసుపత్రిలో స్క్రూలు, రాడ్లు వేసి రెండు పూసల్ని అతికించేద్దామన్నారు. మరో సర్జన్ ముందుకు వంగి ఒకటి, వెనక్కి వంగి ఒకటి ఎక్స్‌రేలు తీయించారు. పూస ఎటూ కదలడం లేదని తేలాక, "నిలకడగా ఉన్న వెన్నుకు రాడ్డెందుకండీ, నరం మీద ఉన్న ముక్క తీస్తే చాలు" అన్నారు. మైక్రోస్కోప్‌తో చూస్తూ చిన్న కోతతో చేసే మైక్రోడిసెక్టమీ అది. పూస మీద పూస ముందుకు జరిగి కదులుతున్నవాళ్లకు అతికించడం అవసరం కావచ్చు. మామూలుగా డిస్క్ జారినవాళ్లకు మొదటి ఆపరేషన్‌లోనే రాడ్డు వేస్తామంటే ఇంకో సర్జన్‌ను కలవండి.

మెలకువ రాగానే కాలి లాగుడు లేదు. నడుం కోత నొప్పి ఉంది, అది మామూలే. అదే రోజు నడిపించారు. బొటనవేలు బలం మాత్రం నెలల మీద వచ్చింది, పాదం పైన కొంత మేర తిమ్మిరి ఇప్పటికీ ఉంది. నొప్పి త్వరగా పోతుంది, తిమ్మిరి ఆఖరున పోతుంది లేదా ఉండిపోతుంది. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే అడిగి తెలుసుకోవాలి. బలం తగ్గకుండా కేవలం నొప్పి ఉన్నవాళ్లకైతే ఎంపిక ఇంకా వాళ్ల చేతిలోనే ఉంటుంది. 2007లో నెదర్లాండ్స్ వైద్యులు 283 మందితో చేసిన అధ్యయనంలో తొందరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు త్వరగా కోలుకున్నారు, ఏడాది గడిచేసరికి రెండు వర్గాల్లోనూ కోలుకున్నవాళ్లు 95 శాతమే. ఆగమన్న వర్గంలో 39 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కు వెళ్లారన్నదీ మర్చిపోకూడదు.

ఇప్పుడు రోజూ నడుస్తాను. చేతులు, మోకాళ్ల మీద ఉండి ఒక చేయి, ఎదురు కాలు చాచి పది సెకన్లు ఆపే వ్యాయామం, పక్కకు పడుకుని మోచేతి మీద లేచేది, ఈ రెండూ మానను. నడుం నొప్పి తగ్గినవాళ్లలో క్రమం తప్పకుండా నడిచినవాళ్లకు అది తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టిందనీ, నడవనివాళ్లకు 112 రోజులేననీ 2024లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది.

మా అమ్మకు నా వ్యాయామం నేర్పబోతే ఫిజియోథెరపిస్టు వద్దన్నారు. అమ్మది స్టెనోసిస్, అంటే వయసుతో నరాలు వెళ్లే దారి ఇరుకైపోవడం. కాస్త దూరం నడిస్తే రెండు కాళ్లూ బరువెక్కుతాయి. కూర్చుంటేనో, ముందుకు వంగి దేన్నైనా పట్టుకుంటేనో తేలికవుతుంది. వెనక్కి వంగితే ఆ దారి ఇంకా ఇరుకవుతుంది కాబట్టి నాకు మేలు చేసిందే ఆవిడకు చెరుపు చేస్తుంది. ఆవిడకు స్థిరంగా ఉండే వ్యాయామ సైకిలు బాగా పడింది. మా మేనల్లుడిది ఇంకో రకం. ఇరవైల్లోనే నడుం నొప్పి, పొద్దున లేవగానే గంటసేపు బిగుసుకుపోవడం, పడుకుంటే ఎక్కువ, తిరిగితే తక్కువ. డిస్క్ అనుకుని ఎన్నాళ్లు వైద్యం చేసినా తగ్గలేదు. చివరికి రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టరు) చూసి యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్ను కీళ్లకు వచ్చే వాతం అని తేల్చారు. దాని మందులు వేరు. పెద్దవయసులో చిన్నగా జారిపడ్డాక మొదలైన నొప్పి ఎముకలు గుల్లబారి పూస నలిగింది కావచ్చు. మెడ నొప్పితో పాటు గుండీలు పెట్టుకోలేకపోవడం, నడక తూలడం ఉంటే అక్కడ వెన్నుపామే నలుగుతోందేమోనని త్వరగా చూపించాలి.

రాత్రిళ్లు జ్వరం, చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండడం వంటివి వెన్ను నొప్పితో కలిసి ఉంటే పరీక్షలు వాయిదా వేయొద్దు. వెన్నుకు టీబీ కూడా రావచ్చు. అన్నిటికన్నా తొందరపడాల్సింది ఇది: నడుం నొప్పితో పాటు మలమూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ పోవడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, రెండు కాళ్లూ బలహీనపడడం. కింది నరాల కట్ట మొత్తం నలిగితే ఇలా అవుతుంది. గంటల్లో ఆపరేషన్ జరగకపోతే మలమూత్రాల మీద పట్టు తిరిగి రాకపోవచ్చు. అర్ధరాత్రయినా సరే, వెన్ను ఆపరేషన్ చేసే సర్జన్, ఎంఆర్ఐ రెండూ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లండి, పొద్దున ఓపీ తెరిచేదాకా ఆగకండి.