వెండి రంగు పూసిన పాత ఇంజిన్ కొనబోయేవారికి హెచ్చరిక

పాత ఇంజిన్ కొని ఇంటి దగ్గరే బిగించుకోవాలనుకునేవారు ఎవరైనా ఉంటే, డబ్బు చేతులు మారకముందే ఇది చదవండి. నాకు 28,000 రూపాయలు, నాలుగు ఆదివారాలు పోయాయి.

మాది నల్గొండ. నా పాత వ్యాగన్ ఆర్ బండి 1061 సి.సి. ఇంజిన్ నార్కట్‌పల్లి దాటాక ఆయిల్ లేక పట్టేసింది. దాన్ని బాగు చేయించే ఖర్చుకన్నా వేరే ఇంజిన్ నయమనిపించి, హైవే పక్కన పాత కార్ల భాగాలు అమ్మే ఒక దుకాణానికి వెళ్లాను. తళతళలాడే వెండి రంగుతో ఒక ఇంజిన్ చూపించారు. "సార్, యాక్సిడెంట్ బండిది. 60 వేలు కూడా తిరగలేదు" అన్నాడు యజమాని. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద మొత్తం రాసిచ్చాడు. 15 రోజుల గ్యారంటీ నోటిమాటే.

మా షెడ్డులో ఇనుప గర్డరుకు చైన్ బ్లాకు తగిలించి, నేనూ మా బావమరిదీ పాత ఇంజిన్‌ను పైకి తీశాం. ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాం. ప్రతి కనెక్టరుకూ టేపు అంటించి అంకె రాశాం. ఏసీ కంప్రెసరును గ్యాసు గొట్టాలు విప్పకుండానే పక్కకు కట్టాం. ఇంజిన్ గాలిలో ఉన్నంతసేపూ దాని కింద చేయి పెట్టలేదు. కొత్త టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్లచ్ ప్లేటు వేసి మరీ బిగించాం. పనిలో లోపం లేదని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. తర్వాత ఆ దుకాణదారు అన్న మొదటి మాట "మీరు ఫిట్టింగ్ సరిగ్గా చేయలేదు" అనే.

స్టార్ట్ అయింది కానీ వణుకు తగ్గలేదు. అరగంటలో టెంపరేచర్ ముల్లు పైకి పాకింది, ఇంజిన్ వెనక నుంచి ఆవిరి వచ్చింది. సిలిండర్లలో గాలి ఎంత ఒత్తిడితో నొక్కుకుంటోందో చూపే కంప్రెషన్ గేజ్ పెడితే, నాలుగు సిలిండర్లలో అటూ ఇటూ చివరనున్న రెండింటిలో 160 పీఎస్ఐ పైన చూపింది. మధ్య రెండింటిలో 90 దాటలేదు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే సాధారణంగా వాటి మధ్య హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య బిగించే పల్చటి సీలు) పోయినట్లే.

మళ్లీ ఇంజిన్ దింపాం. వైర్ బ్రష్‌తో రంగు గీకాను. బ్లాకు పక్కన గుండ్రటి రేకు మూతలుంటాయి, కోర్ ప్లగ్‌లు అంటారు. రంగు లేచిపోగానే వాటిలో ఒకదాని మీద గుండుసూది దూరేంత రంధ్రం కనిపించింది. స్క్రూడ్రైవరుతో నొక్కితే రేకు బిస్కెట్టులా విరిగింది. లోపల నీరు తిరిగే దారి నిండా తుప్పు బురద, దాని మీద తెల్లటి గార. మన జిల్లా బోరు నీళ్ల సంగతి మనకు తెలుసు. రేడియేటర్లో కూలెంట్‌కు బదులు ఆ నీళ్లే ఏళ్ల తరబడి పోస్తే ఇంజిన్ లోపల ఇదే గతి.

అంతకన్నా గుండె ఝల్లుమన్న సంగతి ఇంజిన్ నంబరు. రంగు కింద ఆ చోట గ్రైండరు గీతలున్నాయి. చివరి అంకెలు లేవు. అది ఏ బండిదో, ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు మారేలా బండిలో మార్పు చేయకూడదు. ఇంజిన్ మారిస్తే రవాణా కార్యాలయం అనుమతి తీసుకుని, కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి. నంబరే చెరిపేసిన ఇంజిన్‌తో అక్కడికి ఎలా వెళ్లాలి? రేపు ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి ఏ నంబరు చూపించాలి?

అందుకే చెబుతున్నాను. కొత్తగా రంగు వేసిన ఇంజిన్ కనిపిస్తే నంబరు ఉన్న చోటా, కోర్ ప్లగ్‌ల మీదా మీ చేత్తో గీకి చూడండి. గీకనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి. ఆ ఇంజిన్ ఏ బండి నుంచి తీశారో దాని ఆర్సీ నకలు, మీ బిల్లు మీద ఇంజిన్ నంబరు రెండూ ఉండాలి. గేర్‌బాక్సు, స్టార్టరు తగిలించి బ్యాటరీతో తిప్పి కంప్రెషన్ చూపించమనండి. "ఇక్కడ కుదరదు" అన్నది నాకు చెప్పిన మాటే. ఆయిల్ మూత తీసి చూడండి. లోపల మీగడలాంటి తెల్లటి జిగురుంటే నీళ్లు కలుస్తున్నాయేమో అనుమానించాలి.

నేను అడ్వాన్సు ఫోను ద్వారా పంపాను కాబట్టి ఆధారం ఉంది. 1915 వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు నమోదు చేశాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా కాగితాలు సిద్ధం చేస్తున్నాను. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ రుసుము లేదు, గడువు రెండేళ్లు. నంబరు సంగతి పోలీసులకు రాతపూర్వకంగా ఇచ్చాను. ఆ ఇంజిన్ టైరు మీద షెడ్డులోనే ఉంది, ఎవరికీ అమ్మను.

నల్గొండ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఎవరైనా ఇంజిన్ కొనబోతుంటే కంప్రెషన్ గేజ్ నా దగ్గర ఉంది. అడగండి, ఇస్తాను. వీలైతే మీతోపాటు నేనూ వస్తాను.