ఓడ సోనార్: పదిహేనేళ్లు వాడిన తర్వాత

నేను కళ్యాణదుర్గం పక్కనున్న ఒక పల్లెలో పుట్టాను. నౌకాదళంలో చేరే వరకు నేను చూసిన పెద్ద నీరు మా ఊరి చెరువు, అది కూడా నిండిన సంవత్సరాల్లో మాత్రమే. అలాంటివాణ్ణి పదిహేనేళ్ల సర్వీసులో ఎక్కువ కాలం విశాఖ నుంచి తిరిగే ఓడల్లో సోనార్ ముందు కూర్చున్నాను. జలాంతర్గాములను వేటాడే ఓడలు, విమానాల గురించి వచ్చే వ్యాసాలు వాటి ధరలనూ వేగాలనూ ఆయుధాలనూ ఏకరువు పెడతాయి గానీ, హెడ్‌ఫోన్ పెట్టుకుని నాలుగు గంటల వాచ్ (డ్యూటీ వంతు) చేసేవాడికి అవి ఎంతవరకు అక్కరకొచ్చాయో చెప్పవు. బయటికి చెప్పకూడని సంగతుల జోలికి పోకుండా ఆ అనుభవం రాస్తున్నాను.

ఓడ ముందు భాగంలో నీటి కింద ఉండే డోమ్‌లో సోనార్ అమర్చి ఉంటుంది. అది శబ్దాన్ని నీటిలోకి పంపి, ఏదైనా తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటుంది. సముద్రంలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, ఆరు సెకన్లకు ప్రతిధ్వని వస్తే నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఏదో ఉన్నట్టు. ఆ ‘ఏదో’ ఏమిటన్నదే అసలు ఉద్యోగం. తిరిగొచ్చిన శబ్దం పంపినదానికంటే కీచుగా ఉంటే అది మన వైపు వస్తోందని, బొంగురుగా ఉంటే దూరం జరుగుతోందని, తేడా లేకపోతే నిలబడి ఉందనో అడ్డంగా పోతోందనో అర్థం. రాతి గుట్ట, మునిగిన ఓడ, చేపల గుంపు, తిమింగలం అన్నీ ప్రతిధ్వనులిస్తాయి. వాటిని నాన్‌సబ్ (జలాంతర్గామి కాదు) అనో, పాస్‌సబ్ (కావచ్చు) అనో, ఇంకొంచెం ధైర్యముంటే ప్రాబ్‌సబ్ (బహుశా జలాంతర్గామే) అనో పేరు పెట్టి పైకి చెప్పాలి. నా సర్వీసులో నేను పాస్‌సబ్ అన్నవాటిలో చాలావరకు చివరికి చేపలే అయ్యాయని ఒప్పుకోవడానికి సిగ్గుపడను, ఎందుకంటే చేపను జలాంతర్గామి అన్నవాడికి చీవాట్లతో సరిపోతుంది, జలాంతర్గామిని చేప అన్నవాడు ఓడనే పోగొడతాడు.

ఈ సాధనం మీద నా ప్రధానమైన ఫిర్యాదు మధ్యాహ్నాల గురించి. తెల్లవారుజామున చక్కగా పనిచేసిన సోనార్, గాలి లేని ఎండరోజున రెండు గంటలయ్యేసరికి సగం చెవుడు తెచ్చుకుంటుంది. యంత్రంలో లోపమేమీ ఉండదు. పైపొర నీరు వేడెక్కితే అక్కడ శబ్దం వేగం పెరుగుతుంది, కింద చల్లని నీటిలో తక్కువగా ఉంటుంది, శబ్దం ఎప్పుడూ వేగం తక్కువున్న వైపుకే వంగుతుంది కాబట్టి మనం ముందుకు పంపినదంతా కిందికి వంగిపోయి కొంత దూరం తర్వాత పైభాగమంతా నీడలో మిగిలిపోతుంది. దీన్ని మధ్యాహ్న ప్రభావమని శిక్షణలోనే చెప్పారు, కానీ బంగాళాఖాతం దానికి తన సొంత చిక్కు ఒకటి కలుపుతుంది: వర్షాకాలం తర్వాత గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చిన మంచినీరు ఉత్తర భాగంలో ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. ఉష్ణోగ్రతతోపాటు ఉప్పదనం కూడా పొరపొరకూ మారుతుంటే పుస్తకంలోని లెక్క పక్కకు పోతుంది. అవతల జలాంతర్గామి కెప్టెన్‌కు ఇదంతా మనకంటే బాగా తెలుసు, అతను పొర కిందికి దిగి తాపీగా కూర్చుంటాడు.

అందుకే ప్రతి వాచ్‌లో బీటీ (లోతును బట్టి నీటి వేడిని కొలిచే బాతీథర్మోగ్రాఫ్) వేయడం మాకు సంధ్యావందనం లాంటిది. బరువైన లోహపు మొన ఉన్న చిన్న పరికరాన్ని సముద్రంలోకి వదిలితే, అది వెంట్రుక లాంటి రాగి తీగను విప్పుకుంటూ దిగిపోతూ ఏ లోతులో ఎంత వేడి ఉందో పైకి పంపుతుంది. పని అయ్యాక తీగ తెగిపోతుంది, పరికరం తిరిగి రాదు. ఒకసారి సరఫరా ఆలస్యమై పొదుపుగా వాడమన్నారు. ఆ వారం రోజులు మేము అంచనాల మీద బతికాము, నా దృష్టిలో అది గుడ్డివాడి చేతికర్ర లాక్కోవడమే.

రెండో ఫిర్యాదు వేగం గురించి. ఓడ జోరుగా పోతుంటే డోమ్ మీదుగా పారే నీటి హోరు, సొంత ప్రొపెల్లర్ మోత తప్ప మరేమీ వినిపించదు. నెమ్మదిస్తే వినపడుతుంది, కానీ నెమ్మదించిన ఓడ టార్పెడోకు సులువైన గురి. 1971 డిసెంబరు 9న డయ్యూ దగ్గర ఐఎన్‌ఎస్ ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ముంచినప్పుడు, సోనార్ వినికిడి పెంచే ప్రయోగం కోసం ఓడ తక్కువ వేగంతో నడుస్తోందని చరిత్రకారులు రాశారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. మా శిక్షణలో ఈ పాఠం చెప్పిన రోజు గదిలో ఎవరూ మాట్లాడలేదు. పైగా మన పింగ్ (సోనార్ పంపే శబ్దం) మనకు తిరిగి వినపడే దూరానికి ఎంతో ముందే అవతలివాడికి వినపడుతుంది, శబ్దం అతని దాకా ఒకవైపే పోతే చాలు గనక.

ఇన్ని చూశాక, నేను పూర్తి మార్కులు వేసేది ఓడకు కాదు, హెలికాప్టర్ దింపే సోనార్‌కు. అది సముద్రం మీద గాలిలో నిలబడి, తీగకు కట్టిన సోనార్‌ను పొర కిందికి దింపి విని, పైకి లాక్కుని, మరో చోటికి ఎగిరిపోతుంది. ఓడ చెవి ఉపరితలానికి అతుక్కుని ఉంటే దాని చెవి కావలసిన లోతుకు దిగుతుంది. దాని మీదికి జలాంతర్గామి టార్పెడో వేయలేదు, మళ్లీ ఎక్కడ దిగుతుందో ఊహించలేదు. మా రోజుల్లో ఆ పని చేసినవి 1988లో వచ్చిన సీ కింగ్ 42బీలు. వాటి వయసు చూస్తే గౌరవమూ జాలీ రెండూ కలిగేవి. 2020లో 24 ఎంహెచ్-60ఆర్ సీహాక్ హెలికాప్టర్లకు ఒప్పందం జరిగి, 2024 మార్చి 6న కొచ్చిలో వాటి మొదటి స్క్వాడ్రన్ ఐఎన్‌ఏఎస్ 334 ఏర్పడింది. హెలికాప్టర్‌కు ఇంధనం చాలనిదే లోటు. మంచి కాంటాక్ట్ (జలాంతర్గామి జాడ) దొరికిన క్షణానే అది వెనక్కి వెళ్లిపోతానంటుంది.

జలాంతర్గాములను వెతికే పీ-8ఐ విమానంతో మేము కలిసి పనిచేసింది విన్యాసాల్లోనే. మొదటిది 2013లో అరక్కోణానికి వచ్చింది, ఇప్పుడు 12 ఉన్నాయి. అది సోనోబోయ్‌లను (నీటి మీద తేలే వినికిడి పరికరాలను) వరసగా జారవిడుస్తుంది, ఒక్కొక్కటి హైడ్రోఫోన్‌ను (నీటి కింద వినే మైక్‌ను) తీగతో లోతుకు దింపి, విన్నది రేడియోలో విమానానికి పంపి, కొన్ని గంటల తర్వాత తానే మునిగిపోతుంది. ఒక ఓడ రోజంతా వెతికే సముద్రాన్ని అది పూటలో చుట్టేస్తుంది. అయితే బ్యాటరీ మీద మెల్లగా జరిగే డీజిల్ జలాంతర్గామి దాదాపు శబ్దమే చేయదు, అది స్నార్కెల్ (గాలి పీల్చే గొట్టం) నీటి పైకి ఎత్తి బ్యాటరీ ఛార్జ్ చేసుకునే వరకు ఎంత ఖరీదైన బోయ్ అయినా మౌనమే వింటుంది.

2025 జూన్‌లో విశాఖలో చేరిన ఐఎన్‌ఎస్ అర్ణాల, దాని తరగతి ఓడలు తీరం దగ్గరి లోతు తక్కువ నీటి కోసం కట్టినవి. వాటిలో నేను వాచ్ చేయలేదు, కాబట్టి మార్కులు వేయను. అక్కడ రొయ్యల చిటపటలూ అడుగు నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనుల గోలా ఎలా ఉంటుందో మాత్రం తెలుసు. ఆ ఆపరేటర్ల మీద నాకు సానుభూతి ఉంది.

ఊరికి వచ్చాక జలాంతర్గామి అంటే సబ్‌మెర్సిబుల్ మోటారు లాంటిదా అని అడిగినవాళ్లున్నారు. మొదట నవ్వాను గానీ, ఇప్పుడు బోరు మోటారు మోత మారితే చుట్టుపక్కల వాళ్లు నన్నే పిలుస్తున్నారు. కేసింగ్ పైపుకు కుడి చెవి ఆనిస్తే నీరు తగ్గి గాలి లాగుతోందో, బేరింగ్ అరిగిందో చాలాసార్లు చెప్పగలుగుతున్నాను. ఎడమ చెవిలో మాత్రం సన్నని కూత ఒకటి ఉండిపోయింది, నిద్ర పట్టని రాత్రుల్లో దాని పిచ్ మారుతోందా అని ఇప్పటికీ గమనిస్తుంటాను.