జాతీయ ఉపాధ్యాయ పురస్కారం ఆన్‌లైన్ దరఖాస్తు: నగర జిల్లా సర్కారు బడి టీచరుకు ఎంతవరకు పనికొస్తుంది?

పైవాళ్లు పేరు పంపితే తప్ప ఉత్తమ ఉపాధ్యాయుల జాబితాకు ఎక్కలేని రోజులు 2018తో పోయాయి. కేంద్ర విద్యాశాఖ 1958 నుంచి ఇస్తున్న జాతీయ పురస్కారాలకు ఇప్పుడు టీచరే నేరుగా పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ మార్పుతో పాటే పురస్కారాల సంఖ్యకూ కోత పడింది. అంతకుముందు ఏటా మూడు వందలకు పైగా ఇచ్చేవాళ్లు, 2018లో 45కి దించేశారు. 2024లో బడి టీచర్లకు ఇచ్చినవి 50. ప్రశంసాపత్రం, 50,000 రూపాయలు, వెండి పతకం ఇస్తారు. సెప్టెంబరు 5న ఢిల్లీలో ప్రదానం.

ఒక్క మాటలో చెప్పాలంటే దరఖాస్తు పద్ధతి చాలా బాగుంది, జిల్లా స్థాయి వడపోత మాత్రం ఇంకా బాగుపడాలి. హైదరాబాద్ లాంటి నగర జిల్లాలో పనిచేసే టీచరుకు ఆ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ముందు అర్హత చూసుకోవాలి. కనీసం పదేళ్ల రెగ్యులర్ సర్వీసు ఉండాలి. కాంట్రాక్టు టీచర్లకు, ఇన్‌స్పెక్షన్, పరిపాలన పోస్టుల్లో ఉన్నవాళ్లకు అవకాశం లేదు. ట్యూషన్లు చెప్పేవాళ్లు అనర్హులు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలవాళ్లు తమ సంస్థల ద్వారా వెళ్తారు కాబట్టి జిల్లా కమిటీతో వాళ్లకు పని లేదు.

ఫారం నింపడం కష్టమేమీ కాదు. సర్వీసు రిజిస్టరు (ఎస్‌ఆర్) పక్కన పెట్టుకుని కూర్చుంటే వివరాలన్నీ అందులోనే ఉంటాయి. తడబడేది పేరు దగ్గర. ఎస్‌ఆర్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, డిగ్రీ సర్టిఫికెట్‌లో చివరన ఉండటం మన దగ్గర మామూలే. ఏ కాగితంలో ఎలా ఉన్నా, దరఖాస్తులో మాత్రం ఎస్‌ఆర్‌లో ఉన్నట్టే రాయండి. తర్వాత తనిఖీకి వచ్చేవాళ్లు ముందుగా విప్పేది దాన్నే. పోర్టల్ సాధారణంగా బడులు తెరిచిన తొలి వారాల్లో, అడ్మిషన్ల హడావిడిలో తెరుచుకుంటుంది. ఫొటోలు, రికార్డులు అప్పుడు వెతుక్కుందామంటే కుదిరే పని కాదు, ముందు ఏడాదంతా పోగుచేసి ఉంచాలి.

అసలు బలమంతా దరఖాస్తుకు జతచేసే పోర్ట్‌ఫోలియోది. పత్రాలు, కార్యక్రమాల నివేదికలు, ఫొటోలు, ఆడియోలు, వీడియోలు ఇందులో చేర్చుకోవచ్చు. మూల్యాంకనం రెండు భాగాలు. మొదటిది లెక్కకు అందే విషయాలు: గత మూడేళ్ల పనితీరు నివేదికలు, ఫిర్యాదుల్లేని క్రమమైన హాజరు, పంపిన శిక్షణలకు వెళ్లడం, ప్రచురణలు, కేంద్రం నడిపే స్వయం లాంటి ఆన్‌లైన్ వేదికల్లో కోర్సులు, నమోదు పెంచి మానేసేవాళ్లను తగ్గించడం. రెండోది పనితీరు: బోధనలో కొత్త ప్రయోగాలు, తక్కువ ఖర్చు బోధనోపకరణాలు, ఆటపాటలు, బడి కోసం సమాజాన్ని కదిలించడం. మార్కుల్లో సింహభాగం ఈ రెండో దానిదే. ఈ పథకాన్ని మెచ్చుకోవాల్సింది ఇక్కడే, సీనియారిటీకి కాకుండా తరగతి గదికి పెద్దపీట వేశారు.

అయినా చాలా పోర్ట్‌ఫోలియోలు ఆ తరగతి గదిని చూపించలేక ఓడిపోతాయి. శాలువా కప్పుతున్న ఫొటోలు, పేపర్ కటింగులు, ముఖ్య అతిథి రిబ్బన్ కత్తిరిస్తున్న దృశ్యాలు ఎన్ని పెట్టినా పిల్లలకు ఏం వచ్చిందో తెలియదు. దానికి ఒక్క పేజీ పట్టిక చాలు. మూడో తరగతిలో 32 మంది ఉన్నారనుకుందాం. జులైలో ఒక్కొక్కరినీ పిలిచి అక్షరం, పదం, వాక్యం, పేరా వరుసలో ఎక్కడిదాకా చదవగలరో రాసుకోవాలి. అదే పరీక్ష డిసెంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి పెట్టాలి. ఎడమవైపు క్రమసంఖ్యలు, పక్కన మూడు గళ్లు, అడుగున తేదీ, హెచ్‌ఎం సంతకం. దీనికి ఇద్దరు పిల్లల నోటుపుస్తకాల్లో జులై పేజీ, మార్చి పేజీ జోడిస్తే ఏ జ్యూరీ అయినా ఆగి చూస్తుంది. జులై గడి ఖాళీగా ఉంటే మాత్రం ఆ ఏడాది శ్రమకు రుజువు లేదు. తొంభై శాతం మంది పాసయ్యారన్న మాట దాన్ని పూడ్చలేదు, మొదట్లో వాళ్లు ఎక్కడున్నారో అది చెప్పదు కనుక.

నగర బడిలో ఆ పట్టికను ఇంకొంచెం జాగ్రత్తగా వేయాలి. భవన నిర్మాణ పనులమీద, ఇళ్లలో పనులమీద బతికే కుటుంబాలు ఏడాది మధ్యలోనే ఇల్లు మారుస్తాయి. జులైలో ఉన్న 32 మందిలో ఆరుగురు దసరాకు వెళ్లిపోయి, సంక్రాంతి తర్వాత మరో ఐదుగురు వచ్చారనుకోండి. మార్చిలో ఉన్నది 31 మంది. జులై 32ను, మార్చి 31ను పక్కపక్కన పెట్టి శాతాలు తీస్తే అది తప్పు లెక్క. ఏడాదంతా ఉన్న 26 మంది ప్రగతి వేరుగా, కొత్తగా చేరినవాళ్లది చేరిన తేదీ నుంచి వేరుగా చూపాలి. వెళ్లిపోయిన పిల్లలు టీసీ తీసుకున్నారా, ఇంకో బడిలో చేరారా, యూడైస్ (బడుల, పిల్లల వివరాల జాతీయ డేటాబేస్) డ్రాప్‌బాక్స్‌లో, అంటే ఏ బడిలోనూ చేరనివాళ్ల జాబితాలో, మిగిలారా అన్నది ఒక్కొక్కరికీ రాసిపెట్టుకోవాలి. వలస వెళ్లిన పిల్లవాడు మానేసినవాడి కింద పడిపోవడానికి రిజిస్టరులో ఒక్క గీత చాలు. ఫోన్ చేసి, తల్లితో మాట్లాడి, కొత్త బడిలో చేర్పించిన టీచరు పని గొప్పది. నిరూపించే కాగితం లేకపోతే అదే పని నమోదు తగ్గినట్టు కనిపించి మార్కులు పోగొడుతుంది.

సమాజ భాగస్వామ్యం విషయంలో నగరానికి సౌలభ్యం ఉంది, అదే ఇబ్బందీ పెడుతుంది. కంపెనీలు వస్తాయి, గోడలకు రంగులు వేయిస్తాయి, కంప్యూటర్లు ఇస్తాయి. ఫొటోలో కనిపించేది దాత పని. టీచరు పని కనిపించాలంటే ఆ తర్వాతి కాగితాలు పెట్టాలి: ఏ తరగతి ఏ పీరియడ్‌లో ల్యాబు వాడుతుందో చెప్పే టైంటేబుల్, వాడకం రిజిస్టరు, పిల్లలు సొంతంగా చేసిన పని. ఒకే ఆవరణలో రెండు బడులు నడిచేచోట, అద్దె భవనాల్లో నడిచేచోట బడితోట చూపించమంటే ఎక్కడ చూపిస్తారు? అలాంటివాళ్లు వరండాలో గోడబారు పెట్టిన చదువు మూల, వారానికోసారి బస్తీలో పెట్టే తల్లుల సమావేశం లాంటివి ధైర్యంగా చూపాలి. స్థలం కొలత కూడా రాయాలి, ఆ ఇరుకులో ఎంత చేశారో అప్పుడే అర్థమవుతుంది.

దరఖాస్తు పంపాక బంతి జిల్లా కమిటీ కోర్టులో ఉంటుంది. జిల్లా విద్యాధికారి (డీఈఓ) అధ్యక్షుడు, రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి ఒకరు, కలెక్టర్ నామినేట్ చేసిన విద్యావేత్త ఒకరు. వాళ్లు వాస్తవాలు తనిఖీ చేసి, విజిలెన్స్ క్లియరెన్స్ (టీచరుపై ఆరోపణలు, విచారణలు లేవన్న ధ్రువీకరణ) చూసి, మూడు పేర్లు రాష్ట్రానికి పంపుతారు. తెలంగాణలో 33 జిల్లాలు, అంటే 99 పేర్ల దాకా. అక్కడ ఇంకో వడపోత, ఆపైన జాతీయ జ్యూరీ. చిన్న జిల్లాకూ మూడే, వందలాది సర్కారు బడులున్న నగర జిల్లాకూ మూడే. టీచర్ల సంఖ్యను బట్టి పేర్లు పెంచకపోతే నగరంలో మంచి టీచరు ఓడేది పక్క జిల్లావాళ్లతో కాదు, పక్క వీధి బడిలోని తనంతటి టీచరుతోనే.

తనిఖీ నాణ్యత మీదే అంతా ఆధారపడి ఉంది. బడికి వెళ్లి, టీచరును పక్కన కూర్చోబెట్టి, పోర్ట్‌ఫోలియోలోని వీడియోలో చదివిన పిల్లల్లో ఇద్దరిచేత చదివిస్తే ఇరవై నిమిషాల్లో నిజం తేలిపోతుంది. పీడీఎఫ్ తిరగేసి మార్కులు వేస్తే డిజైన్ బాగా చేయించుకున్నవాళ్లు ముందుకొస్తారు. దరఖాస్తుదారులంతా సమాచారం నిజమని హామీ ఇస్తారు, అబద్ధమని తేలితే క్రమశిక్షణ చర్య ఉంటుంది. ఆ నిబంధనకు విలువ రావాలన్నా ఎవరో ఒకరు బడి గడప తొక్కి చూడాలి.

పోర్టల్ నడిపేవాళ్లకు ఒక్క విన్నపం. జిల్లా కమిటీ వేసిన మార్కులు, అంశాలవారీగా, ప్రతి దరఖాస్తుదారు లాగిన్‌లో కనిపించాలి. ఉపకరణాలకు ఎంత వచ్చింది, నమోదు దగ్గర ఎంత తగ్గింది అన్నది తెలిస్తే ఆ టీచరు వచ్చే జులైలో పట్టిక మొదటి గడి నింపేటప్పుడే సరిదిద్దుకుంటారు.