బోస్టన్, లెక్సింగ్టన్, కాంకర్డ్: పన్ను గొడవ యుద్ధంగా మారిన దారి వెంట

బోస్టన్ వెళ్లే మనవాళ్లలో చాలామంది హార్వర్డ్ దగ్గర ఒక ఫొటో, ఎంఐటీ ముందు ఇంకో ఫొటో దిగి, అక్వేరియం చూసి, హార్బర్‌లో పడవ షికారు చేసి సాయంత్రానికి కారెక్కేస్తారు. కానీ అమెరికా స్వాతంత్ర్య యుద్ధం పుట్టింది ఈ ఊళ్లో, దీని చుట్టుపక్కల పల్లెల్లో. భీమవరం నుంచి మా నాన్నగారు వచ్చి ఉన్నారు, మా అమ్మాయికి స్కూల్లో అదే పాఠం నడుస్తోంది. అందుకని న్యూజెర్సీలో బయల్దేరే ముందే ఒక మాట అనుకున్నాం. దగ్గరున్నదాన్ని ముందు చూడటం కాదు, ముందు జరిగినదాన్ని ముందు చూడాలి. 1765తో మొదలుపెట్టి 1776 దాకా రావాలి.

ఊళ్లో ఫ్రీడమ్ ట్రెయిల్ అని రెండున్నర మైళ్ల దారి ఉంది. నేల మీద ఎర్ర ఇటుకల గీత పట్టుకుని నడిస్తే పదహారు చారిత్రక స్థలాలు తగులుతాయి. చక్కటి ఏర్పాటే, పైసా ఖర్చు లేదు. అయితే అది దారి వరుస, కథ వరుస కాదు. గీతతోపాటే వెళ్తే ఏ గొడవ దేనికి దారితీసిందో పిల్లలకు అర్థం కాదు. మేం చూసిన మొదటి చోటు అసలు ఆ గీత మీద లేనే లేదు.

వాషింగ్టన్ స్ట్రీటూ ఎసెక్స్ స్ట్రీటూ కలిసే మూల, చైనాటౌన్ అంచున ఒక పాత భవనం ఉంటుంది. దాని గోడ మీద, తలెత్తి చూస్తే తప్ప కనపడనంత ఎత్తులో, ఒక చెట్టు బొమ్మ చెక్కి ఉంటుంది. లిబర్టీ ట్రీ అనే పెద్ద ఎల్మ్ చెట్టు ఉన్న చోటు అది. ఫ్రాన్స్‌తో జరిగిన ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసేసరికి బ్రిటన్ అప్పు దాదాపు రెట్టింపయింది. ఇక్కడున్న తన కాలనీలకి, మీ రక్షణ ఖర్చులో కొంత మీరే భరించండంటూ అక్కడి పార్లమెంటు 1765లో స్టాంపు చట్టం తెచ్చింది. వార్తాపత్రికలు, కోర్టు కాగితాలు, ఆఖరికి పేక ముక్కల మీద కూడా పన్ను. ఆ పార్లమెంటులో ఇక్కడివాళ్ల తరఫున ఒక్క సభ్యుడూ లేడు. ఆగస్టు 14న జనం ఈ చెట్టుకి స్టాంపుల అధికారి ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మ వేలాడదీశారు. మరుసటి ఏడాదే చట్టం రద్దయింది. కానీ రద్దు చేసినరోజే, మీ మీద ఏ చట్టమైనా చేసే హక్కు మాకుందని ఇంకో చట్టం రాసుకున్నారు. తర్వాత పదేళ్ల గొడవంతా ఆ రెండో కాగితం నుంచే వచ్చిందని నాకనిపిస్తుంది. ఈ మూల దగ్గర చూడటానికి పది నిమిషాలు చాలు. అయినా మొదలు ఇక్కడే పెట్టమంటాను.

అక్కడి నుంచి నడిచి ఓల్డ్ స్టేట్ హౌస్‌కి వచ్చాం. 1713 నాటి ఇటుక భవనం. చుట్టూ గాజు మేడల మధ్య చిన్నగా కనిపిస్తుంది, కింద నుంచే మెట్రో వెళ్తుంది. బాల్కనీకి ఎదురుగా పేవ్‌మెంటులో గుండ్రంగా రాళ్లు పరిచారు, నడుమ ఒక నక్షత్రం. ఆఫీసులకి వెళ్లేవాళ్లు కాఫీ కప్పులతో దాని మీద నుంచే నడిచిపోతుంటారు. 1770 మార్చి 5 రాత్రి ఇక్కడ కాపలా సిపాయి మీద జనం మంచుగడ్డలు విసిరారు, తోటి సిపాయిలు సాయానికొచ్చారు, తుపాకులు పేలాయి. ఐదుగురు పోయారు. వాళ్లలో క్రిస్పస్ అటక్స్ ఆఫ్రికన్, నేటివ్ అమెరికన్ మూలాలున్న మనిషి. సరిగ్గా అదే తేదీన లండన్‌లో ప్రధాని లార్డ్ నార్త్, టీ మీద తప్ప మిగతా దిగుమతుల మీద వేసిన టౌన్‌షెండ్ పన్నులన్నీ ఎత్తేద్దామని పార్లమెంటులో ప్రతిపాదించాడు. ఆ కబురు సముద్రం దాటి రావడానికి వారాలు పట్టే కాలం. మా అమ్మాయి ఆ రాళ్ల చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ఫోన్ ఉండుంటే చచ్చిపోయేవాళ్లు కాదా తాతయ్యా?" అంది. నాన్నగారు కాసేపు ఆలోచించి, "సిపాయిల్ని ఊళ్లో దింపి అప్పటికే ఏడాదిన్నరైందిరా, ఇవాళ కాకపోతే రేపు జరిగేది" అన్నారు.

లోపల మ్యూజియం చిన్నది, గంటలో అయిపోతుంది. కాల్పుల దృశ్యాన్ని బోస్టన్ వెండి పనివాడు పాల్ రివీర్ చెక్కి అచ్చేసిన బొమ్మ గురించి అక్కడి గైడ్ బాగా చెప్పింది. అందులో సిపాయిలు వరసగా నిలబడి, ఆర్డరు మీద కాల్చినట్టు ఉంటుంది. జరిగింది తోపులాట. ఆ బొమ్మ ఊరూరా తిరిగి కోపం పెంచింది. ఇంకోవైపు, కోర్టులో ఆ సిపాయిల తరఫున వాదించింది తర్వాత అమెరికా రెండో అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్. ఆరుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. 1770లో ఇంకా కోర్టు తీర్పుకి ఇరువైపులా విలువ ఉందన్నమాట. మ్యూజియం టికెట్టు తోనే ఓల్డ్ సౌత్ మీటింగ్ హౌస్ కూడా చూడొచ్చు, కాబట్టి డబ్బు దండగ కాదు.

ఓల్డ్ సౌత్‌లో మాత్రం తీరిగ్గా కూర్చోవాలి. 1773 డిసెంబర్ 16న దాదాపు ఐదు వేలమంది ఈ చర్చి లోపలా బయటా గుమిగూడి, టీ ఓడల్ని వెనక్కి పంపడానికి గవర్నరు ఒప్పుకోలేదని తెలిశాక రేవు వైపు నడిచారు. ఆ రాత్రి మూడు ఓడల్లోంచి 342 పెట్టెల టీ నీళ్లపాలైంది. ఈస్టిండియా కంపెనీ సరుకు అది. 1770 బెంగాల్ కరువు, కంపెనీ చేసిన అప్పులు, లండన్ గోదాముల్లో పేరుకుపోయిన టీ, ఇవన్నీ కలిసి కంపెనీ దివాలా అంచుకొస్తే, దాన్ని గట్టెక్కించడానికి పార్లమెంటు తెచ్చింది 1773 టీ చట్టం. కంపెనీ నేరుగా ఇక్కడికే పంపి అమ్ముకోవచ్చు. పౌండుకి మూడు పెన్నీల పాత పన్ను అలాగే ఉంటుంది. అయినా టీ ధర తగ్గుతుంది.

"ధర తగ్గుతుంటే గొడవెందుకమ్మా మరి?" అన్నారు నాన్నగారు బెంచీ మీద కూర్చుని.

"ఆ మూడు పెన్నీలు కడితే, వేసే హక్కు వాళ్లకుందని ఒప్పుకున్నట్టే కదా నాన్నగారూ" అన్నాను.

ఆయన తలూపి, "ఈ కంపెనీయేగా మన సర్కారు జిల్లాలు పుచ్చుకున్నది" అన్నారు. నిజమే. నిజాం అలీ ఖాన్‌తో ఒప్పందం 1766లో, ఇక్కడ స్టాంపు చట్టం రద్దయిన ఏడాదే. ఇంకో ముడి కూడా ఉంది. 1781 అక్టోబర్ 19న యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్ సైన్యానికీ ఫ్రెంచివాళ్లకీ లొంగిపోయిన జనరల్ కార్న్‌వాలిస్, ఐదేళ్లకి మనకి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. 1793లో బెంగాల్లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతే తర్వాత ఉత్తర సర్కారులకూ వచ్చింది. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకి బోస్టన్ పరాయి కథ కాదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఈ చర్చిలో ఇప్పుడున్న బెంచీలు అప్పటివి కావు. 1775లో బ్రిటిష్ సైన్యం లోపలి బెంచీలన్నీ పీకేసి, నేల మీద మట్టి పోసి, గుర్రాలు తోలుకునే చోటుగా వాడుకుంది. సభ జరిగిన చోటు మీద ఎంత కక్ష ఉందో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

కాంగ్రెస్ స్ట్రీట్ వంతెన దగ్గర టీ పార్టీ ఓడల మ్యూజియం ఉంది. వేషాలు వేసుకున్న నటులు, నమూనా ఓడలు, పిల్లలతో టీ పెట్టెలు నీళ్లలోకి విసిరించడం, మొత్తం నాటకంలా సాగుతుంది. పదేళ్ల లోపు పిల్లలుంటే తీసుకెళ్లండి, బాగా గుర్తుండిపోతుంది. పెద్దవాళ్లు మాత్రమే అయితే ఆ డబ్బుతో ఓల్డ్ సౌత్‌కి రెండుసార్లు వెళ్లొచ్చు.

దిగిన చోటు గురించి చెప్పాలి. డౌన్‌టౌన్‌లో తీసుకున్న హోటల్లో బుకింగ్ అప్పుడు చూపించిన రేటొకటి, చెక్ అవుట్‌లో కట్టిందొకటి. డెస్టినేషన్ ఫీజని రోజుకింత కలిపారు, కారు పార్కింగ్ వేరే. గదిలో వేడినీళ్లు కాచుకునే కెటిల్ లేదు, అడిగితే రెండు గంటలకి తెచ్చారు. నాన్నగారు మాత్రలు వేసుకునే టైమ్ అది, టెన్షన్ పడ్డాం. బ్రేక్‌ఫాస్ట్‌లో శాకాహారులకి బ్రెడ్డు, పండ్లే గతి. స్థలాలన్నీ నడిచి వెళ్లే దూరంలో ఉండటం ఒక్కటే లాభం. అక్కడ ఒక్క రాత్రి చాలు. తర్వాత లెక్సింగ్టన్, బర్లింగ్టన్ వైపు మారిపోండి. హైవే పక్కన కిచెన్ ఉన్న గదులు దొరుకుతాయి, పార్కింగ్ ఉచితం. ఆ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఉన్నారు, కిరాణా కొట్లూ దోసెల హోటళ్లూ ఉన్నాయి. రాత్రి అన్నం, పప్పు వండుకుని, మాగాయ వేసుకుని తిన్నాక నాన్నగారి మొహంలో వెలుగొచ్చింది. కారు లేనివాళ్లు నార్త్ స్టేషన్ నుంచి కాంకర్డ్‌కి లోకల్ ట్రెయిన్‌లో రావొచ్చు.

మారే ముందు నార్త్ ఎండ్‌లో ఓల్డ్ నార్త్ చర్చి చూశాం. టీ పారబోసినందుకు శిక్షగా 1774లో బోస్టన్ రేవు మూసేశారు. ఊరి సభలు ఏడాదికొక్కసారే పెట్టుకోవాలన్నారు, బ్రిటిష్ జనరల్ గేజ్‌ని గవర్నరు చేశారు. శిక్ష ఒక ఊరికే అనుకున్నారు. కానీ మిగతా కాలనీల నుంచి తిండిగింజలొచ్చాయి, సెప్టెంబర్లో పన్నెండు కాలనీల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో కలిశారు. పల్లెల్లో మందుగుండు దాచడం మొదలైంది. కాంకర్డ్‌లో దాచినదాన్ని పట్టుకోవడానికి గేజ్ సుమారు 700 మందిని పంపిన రాత్రి, 1775 ఏప్రిల్ 18న, ఈ చర్చి గోపురంలో రెండు లాంతర్లు కాసేపు వెలిగాయి. సిపాయిలు నది దాటి వస్తున్నారని గుర్తు. లోపల ఒక్కో కుటుంబానికి తలుపు పెట్టి కట్టిన చెక్క గదుల్లాంటి బెంచీలున్నాయి. వాటిలో కూర్చోనిస్తారు.

లెక్సింగ్టన్ పచ్చిక మైదానం మన ఊళ్లో స్కూలు గ్రౌండంత ఉంటుంది. ఏప్రిల్ 19 తెల్లవారుజామున, కాంకర్డ్ వెళ్తున్న ఆ సిపాయిలకి ఎదురుగా కెప్టెన్ జాన్ పార్కర్ వెనక నిలబడింది దాదాపు 77 మంది రైతులూ పనివాళ్లూ. మొదటి గుండు ఎవరిదో ఈనాటికీ తేలలేదు. ఎనిమిదిమంది పల్లెవాళ్లు పోయారు. గాయపడినవాళ్లలో ప్రిన్స్ ఎస్టాబ్రూక్ అనే బానిస ఒకడున్నాడు. స్వేచ్ఛ కోసం నిలబడ్డ ఆ వరసలో స్వేచ్ఛ లేని మనిషి ఉన్నాడన్న సంగతి అక్కడి గైడ్లు దాచకుండా చెప్పడం నాకు నచ్చింది. పక్కనే ఉన్న పాత సత్రం బక్‌మన్ టావెర్న్‌లోనే ఆ రాత్రంతా వాళ్లు కబురు కోసం ఎదురుచూశారు. టికెట్టు కొని లోపలికి వెళ్లండి.

ఈ ప్రయాణంలో ఒక్క చోటుకే టైముంటే కాంకర్డ్ నార్త్ బ్రిడ్జికి వెళ్లండి. ప్రవేశం ఉచితం, పార్కింగ్ ఉచితం, నేషనల్ పార్క్ రేంజర్లు అడిగినదానికల్లా ఓపిగ్గా చెప్తారు. చెట్ల మధ్య నుంచి నడిచి వెళ్తే నెమ్మదిగా పారే చిన్న నది, దాని మీద కొత్తగా కట్టిన చెక్క వంతెన. అదే ఏప్రిల్ 19 పొద్దున అవతలి గుట్ట మీద నాలుగు వందలమంది పల్లెవాళ్లు చేరారు. ముందుగా కాల్చొద్దని వాళ్లకి ఆజ్ఞ. అంతలో ఊళ్లోంచి పొగ లేచింది. సిపాయిలు ఫిరంగి బళ్లు తగలబెడుతుంటే వచ్చిన పొగ అది. మన ఇళ్లు కాల్చేస్తున్నారని వీళ్లు కిందికి నడిచారు. సిపాయిలు కాల్చారు. యాక్టన్ ఊరి కెప్టెన్ ఐజక్ డేవిస్ పడిపోయాడు. అప్పుడు మేజర్ బట్రిక్ కాల్చమన్నాడు. రాజుగారి సైన్యం మీద ఆజ్ఞ ప్రకారం కాల్చడం అదే మొదలు. పదేళ్లపాటు అర్జీలు పెట్టి, దిగుమతులు బహిష్కరించి, సభలు పెట్టిన జనం అక్కడ ఆ గీత దాటారు. వంతెన పక్కన రాతిగోడ దగ్గర ఇద్దరు బ్రిటిష్ సిపాయిల సమాధి ఉంది. ఎవరో చిన్న బ్రిటిష్ జెండాలు గుచ్చారు. నాన్నగారు చెప్పులు విప్పి నమస్కారం పెట్టారు.

కాంకర్డ్ నుంచి లెక్సింగ్టన్ వైపు సాగే బాటిల్ రోడ్ ట్రెయిల్ ఐదు మైళ్లు. వృద్ధులు మొత్తం నడవక్కర్లేదు, హార్ట్‌వెల్ టావెర్న్ దగ్గర కారాపుకుని ఒక మైలు నడిస్తే చాలు. తిరుగుదారిలో ఉన్న సిపాయిల మీద రాతిగోడల వెనక నుంచి కాల్పులు ఎలా సాగాయో అక్కడ కళ్లకి కడుతుంది. ఆ రోజు ముగిసేసరికి బ్రిటిష్ వైపు 73 మంది, కాలనీల వైపు 49 మంది చనిపోయారు. దోమల మందు తీసుకెళ్లండి. తిండి దొరకదు, పులిహోరో చపాతీలో కట్టుకుని వెళ్లండి.

వెనక్కి వచ్చేటప్పుడు చార్ల్స్‌టౌన్‌లో బంకర్ హిల్ స్తంభం చూశాం. 1775 జూన్ 17న కొండ గెలిచింది బ్రిటిష్‌వాళ్లే, కానీ వాళ్లలో చనిపోయినవాళ్లూ గాయపడినవాళ్లూ కలిపి వెయ్యిమందికి పైగా. ఆ తర్వాత రాజీ మాట వినేవాళ్లు తగ్గిపోయారు. లోపల 294 మెట్లు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే కూర్చోండి, ఎదురుగా మ్యూజియం ఉంది. కింద నేవీ యార్డు నుంచి డౌన్‌టౌన్‌కి ప్రభుత్వ ఫెర్రీ నడుస్తుంది. టూరు పడవల టికెట్టులో చిన్న వంతు, హార్బర్ అంతే అందంగా కనిపిస్తుంది.

సౌత్ బోస్టన్‌లో డార్చెస్టర్ హైట్స్‌కి టూరిస్టులు తక్కువ వెళ్తారు. టికొండెరోగా కోట నుంచి వాషింగ్టన్ సైన్యాధికారి హెన్రీ నాక్స్ మంచులో లాక్కొచ్చిన ఫిరంగుల్ని 1776 మార్చిలో ఒక్క రాత్రిలో ఈ గుట్ట ఎక్కించారు. పొద్దున్నే చూసిన బ్రిటిష్ సైన్యం మార్చి 17న ఓడలెక్కి ఊరు వదిలింది. జులై 18న ఓల్డ్ స్టేట్ హౌస్ బాల్కనీ నుంచి స్వాతంత్ర్య ప్రకటన చదివారు. ఆ ప్రకటన రాసి సంతకాలు పెట్టిన ఫిలడెల్ఫియాకి వచ్చే సెలవుల్లో వెళ్తాం. అక్కడ ఇండిపెండెన్స్ హాల్ లోపలికి ఏడాదిలో ఎక్కువ నెలలు ముందుగా ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోవాలి, వేసవిలో అయితే వారాల ముందే.