యాక్టింగ్ కాలేజీల లిస్ట్ కోసం ఆడిషన్ కోచ్‌ని పెట్టుకున్నాం, నా రివ్యూ

మాది సెంట్రల్ న్యూజెర్సీ అండి, మా పెద్దమ్మాయి ఇప్పుడు హైస్కూల్ సీనియర్ ఇయర్‌లోకి (పన్నెండో క్లాసు) వస్తోంది, యాక్టింగే చదువుతానని గట్టిగా ఉంది. మన తెలుగు పేరెంట్స్ గ్రూపుల్లో కంప్యూటర్ సైన్స్‌కి ఏ కాలేజీ మంచిది అని అడిగితే క్షణాల్లో సమాధానాలు వస్తాయి, యాక్టింగ్ అంటే మాత్రం ఎవరూ పలకరు, లేదంటే "ఇంకోసారి ఆలోచించండి" అంటారు. అందుకే మేము డబ్బు పెట్టి తీసుకున్న ఈ సర్వీస్ గురించి వివరంగా రాస్తున్నా, మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే పనికొస్తుంది.

కాలేజీ ఆడిషన్లకి పిల్లల్ని తయారుచేసే కోచ్ ఆవిడ, ఒక్కరే నడుపుకునే చిన్న ప్రాక్టీస్, పబ్లిక్‌గా పేరు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టట్లేదు. అంతా జూమ్‌లోనే, గంటకి 130 డాలర్లు. నా మాట ముందే చెప్పేస్తా, ఏ కాలేజీలకి అప్లై చేయాలో తేల్చుకోడానికైతే ప్రతి డాలరూ న్యాయమే, ఆ తర్వాత అమ్మే పెద్ద ప్యాకేజీ మాత్రం చాలామందికి అక్కర్లేదు.

మొదటి మీటింగ్‌లో ఆవిడ ఒక్క కాలేజీ పేరు కూడా ఎత్తలేదు. నన్నూ మా ఆయన్నీ పక్కన కూర్చోమన్నారు గానీ మధ్యలో మాట్లాడొద్దన్నారు. అమ్మాయిని అడిగిన ప్రశ్నలు నాకు బాగా గుర్తున్నాయి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాయిస్, మూవ్‌మెంట్, సీన్ స్టడీ, మళ్ళీ రాత్రి రిహార్సల్, నాలుగేళ్ళూ ఇదే అంటే నీకు ఎలా ఉంటుంది అన్నారు, ఏ సబ్జెక్ట్ వదిలేస్తే నీకు దిగులేస్తుంది అన్నారు. అది వెంటనే "సైకాలజీ వదల్లేను" అంది, మాతో ఎప్పుడూ అనలేదు ఆ మాట. తర్వాత ఒక మోనోలాగ్ (నాటకంలో ఒక్కరే చెప్పే పొడుగు డైలాగ్) చేయమన్నారు, స్కూల్ ప్లేలో చేసినట్టే నిలబడి పెద్ద గొంతుతో ఏడుస్తూ చేసింది. ఆవిడ బాగుందనీ అనలేదు బాలేదనీ అనలేదు, "ఇప్పుడు అదే మళ్ళీ, కుర్చీలో కూర్చుని, పక్క గదిలో చెల్లి నిద్రపోతోంది, లేవకూడదు" అన్నారంతే. అమ్మాయి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుని చెప్పింది, ఆ గొంతు ఇన్నేళ్ళలో నేను వినలేదు, అప్పటిదాకా ఒక కన్ను ఆఫీస్ మెయిల్ మీద పెట్టిన మా ఆయన లాప్‌టాప్ మూసేశారు.

లిస్ట్ ఆ రోజు నుంచే మారింది. మ్యూజికల్ థియేటర్ ప్రోగ్రాములన్నీ పోయాయి, ఎందుకంటే అవి పాట, డాన్స్, యాక్టింగ్ మూడూ సమానంగా కావాలనుకునే పిల్లలకి, మా అమ్మాయికి నచ్చింది మాట మీద పని. తర్వాత బీఎఫ్ఏ, బీఏ తేడా. బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అంటే కోర్సులో మూడింట రెండొంతులు దాకా యాక్టింగ్ ట్రైనింగే, బీఏ అంటే థియేటర్ మేజర్‌తో పాటు ఇంకో మేజరో మైనరో చేసుకునే వీలుంటుంది. సైకాలజీ వదలనన్న పిల్లకి బీఏలు కూడా లిస్ట్‌లో ఉండి తీరాలి అన్నారావిడ, అవి బ్యాకప్‌గా కాదు, దాని స్వభావానికి సరిపోయే కాలేజీలుగా.

పేరు మోసిన కాలేజీల గురించి ఆవిడ చెప్పిన తీరు నాకు నచ్చింది, ర్యాంకులు లేవు, అక్కడ రోజు ఎలా గడుస్తుందో చెప్పారు. జూలియార్డ్‌లో ఏడాదికి తీసుకునేది 18 మంది దాకా, అందులో సుమారు సగం ఎంఎఫ్ఏ (పీజీ) వాళ్ళు, అంటే పన్నెండో క్లాసు పిల్లలకి మిగిలే సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కార్నెగీ మెలన్ డ్రామా స్కూల్ 1914లో మొదలైంది, ఈ దేశంలో డ్రామాలో డిగ్రీ ఇచ్చిన మొదటి కాలేజీ అదే, పూర్తి కన్సర్వేటరీ పద్ధతి, అంటే చదువంతా ట్రైనింగ్ చుట్టూనే. ఎన్‌వైయూ టిష్‌లో సీటొస్తే స్టెల్లా ఆడ్లర్, స్ట్రాస్‌బెర్గ్, అట్లాంటిక్ లాంటి స్టూడియోల్లో ఒకదాంట్లో వాళ్ళే వేస్తారు, వారంలో మూడు రోజులు స్టూడియో, మిగతా రోజులు మామూలు క్లాసులు, అందుకే మా అమ్మాయికి అది నచ్చింది. నార్త్‌వెస్టర్న్ థియేటర్ మేజర్‌కి అసలు ఆడిషనే లేదు, కానీ యూనివర్సిటీలో సీటు రావాలంటే మార్కులు ఆ స్థాయిలో ఉండాలి. ఫోర్డమ్‌లో బీఏనే, అయినా పెర్ఫార్మెన్స్ ట్రాక్‌కి ఆడిషన్ ఉంటుంది, క్యాంపస్ లింకన్ సెంటర్ దగ్గర. ఇక మన జెర్సీ వాళ్ళకి రట్గర్స్ యూనివర్సిటీ ఆర్ట్స్ స్కూల్ మేసన్ గ్రాస్ ఉంది చూడండి, బీఎఫ్ఏ పిల్లలు మూడో ఏడాది లండన్ వెళ్ళి షేక్స్‌పియర్స్ గ్లోబ్‌లో ట్రైనింగ్ తీసుకుంటారు, పైగా ఇన్‌స్టేట్ ఫీజు, అంటే రాష్ట్రం వాళ్ళకుండే తక్కువ ఫీజు. ఇంటి పక్కనే ఉన్న కాలేజీ కదా అని మనవాళ్ళు దాన్ని తేలిగ్గా తీసేస్తారు, దయచేసి అలా చేయకండి.

మా నాన్నగారిది తెనాలి, పరిషత్తు నాటకాలు చూస్తూ పెరిగిన మనిషి. ఈ గొడవంతా ఫోన్లో విని ఆయన మనవరాల్ని అడిగింది ఒక్కటే, "వాచికం నేర్పుతారా తల్లీ అక్కడ?" అని. అది వెళ్ళి కోచ్‌ని అదే అడిగింది, వాయిస్ అండ్ స్పీచ్ ఎన్ని సెమిస్టర్లు, ఎవరు చెప్తారు అని. ఆవిడ ప్రతి కాలేజీ కరికులమ్ షీట్ తెరిచి అమ్మాయితోనే లెక్కపెట్టించారు, కొన్నిచోట్ల నాలుగేళ్ళూ ఉంది, కొన్నిచోట్ల మొదటి ఏడాదితో సరి. బ్రోషర్ చూస్తే ఇది ఎప్పటికీ తెలియదు.

ఇంకో పని చేయించారు, అది నా మనసుకి బాగా తగిలింది. ప్రతి కాలేజీ గత సీజన్ల ప్రొడక్షన్ ఫోటోలు చూడమన్నారు, మన రంగు పిల్లలు ఎక్కడ నిలబడ్డారో చూడు, మధ్యలోనా, వెనక వరుసలో ట్రే పట్టుకునా అని. అమ్మాయి ఒక రాత్రంతా కూర్చుని చూసింది. ఒక పెద్ద కాలేజీ ఫోటోల్లో ఎంత వెతికినా ఒక్క సౌత్ ఏషియన్ మొహం ప్రధాన పాత్రలో కనబడలేదు, ఇంకోచోట చెహోవ్ నాటకంలో పెద్దక్క పాత్ర ఒక సౌత్ ఏషియన్ అమ్మాయి వేసింది, నల్ల గౌను, జడ, మొహం మీద లైటు. ఆ ఫోటో డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంది మా అమ్మాయి. ఆ మొదటి కాలేజీని లిస్ట్‌లోంచి తీసేయమని మేమెవరం చెప్పలేదు, అదే తీసేసింది.

బలహీనమైన చోటు డబ్బు లెక్కలు. ఆవిడకి ఆర్ట్ తెలుసు గానీ ఫైనాన్స్ తెలియదు, అడిగితే "స్కాలర్‌షిప్‌లు ఉంటాయి" అని వదిలేస్తారు. ఎన్‌వైయూలో ఉండడం తినడంతో కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు దాటింది, యాక్టింగ్ చదివి బయటికొచ్చే పిల్ల నెత్తిన అప్పు పెడితే అది ఆడిషన్లకి తిరగాల్సిన వయసులో అప్పు తీర్చడానికే బతకాలి. ఇది మీరే చేసుకోవాలి. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, ఫెడరల్ ఎయిడ్ తీసుకునే కాలేజీలు పెట్టి తీరాలని చట్టమే ఉంది, మీ ట్యాక్స్ కాగితాలు పక్కన పెట్టుకుని నింపితే మీ ఇంటికి పడే అంకె దాదాపుగా వస్తుంది. ప్రభుత్వం వాళ్ళ కాలేజ్ స్కోర్‌కార్డ్ సైట్లో డ్రామా చదివినవాళ్ళ మీడియన్ అప్పు (సరిగ్గా మధ్యలో ఉండేవాళ్ళ అప్పు) కూడా చూడొచ్చు, కాకపోతే నటన, స్టేజ్ డిజైన్ అందర్నీ ఒకే గంపలో వేస్తారు, చిన్న ప్రోగ్రాములకి అంకెలే ఉండవు. మేము ముందు ఇది చేసుకుని, మా వల్ల కాని నాలుగు పేర్లు కొట్టేసి, అప్పుడు కోచ్ దగ్గరికెళ్ళాం, దానివల్ల గంటలు చాలా మిగిలాయి.

ప్రీస్క్రీన్ల విషయం, అంటే లైవ్ ఆడిషన్‌కి ముందు వీడియోలు చూసి చేసే వడపోత గురించి క్లుప్తంగా చెప్తా. చాలా బీఎఫ్ఏలకి కామన్ యాప్ (చాలా కాలేజీలకి కలిపి ఒకటే అప్లికేషన్) తో పాటు అక్సెప్ట్డ్ అనే సైట్లో వీడియోలు పెట్టాలి, మామూలుగా రెండు మోనోలాగ్‌లు, ఒక్కోటీ నిమిషం, నిమిషంన్నర. అది దాటితే జనవరి, ఫిబ్రవరిల్లో లైవ్ ఆడిషన్, న్యూయార్క్, షికాగోల్లో యూనిఫైడ్స్ అని చాలా కాలేజీలు ఒకేచోటికి వస్తాయి. చాలాచోట్ల చదువు సీటు వేరు, ఆడిషన్ సీటు వేరు, రెండూ రావాలి. బీఎఫ్ఏ రాకపోతే బీఏకి చూస్తారా అన్నది ఒక్కో కాలేజీలో ఒక్కోలా ఉంటుంది, అప్లై చేసేముందే మెయిల్ పెట్టి అడగండి. అలాగే మొదటి ఏడాది పిల్లల్ని నాటకాల్లోకి తీసుకుంటారా, ఏడాది చివర కొంతమందిని తీసేసే కట్ పద్ధతి ఉందా అని కూడా. మా కోచ్ ఈ ప్రశ్నలన్నీ అమ్మాయి చేతే రాయించారు, నన్ను కీబోర్డ్ ముట్టుకోనివ్వలేదు.

చిరాకు పెట్టినవి కూడా చెప్పాలి. లిస్ట్ అయిపోగానే వేల డాలర్ల ఫుల్ సీజన్ ప్యాకేజీ గురించి రెండు మూడుసార్లు ఎత్తారు, వద్దన్నాక మర్యాదగానే ఊరుకున్నారు. పిల్లల గడువులు దగ్గరపడే రోజుల్లో మెయిల్‌కి జవాబు రావడానికి వారం పడుతుందని ఆవిడ పాత క్లయింట్ ఒకావిడ చెప్పారు, కాబట్టి లిస్ట్ పని జూనియర్ ఇయర్ ఏప్రిల్, మే కల్లా తెమిల్చేసుకోండి. ఈవిడ కాదు గానీ, వేరే పెద్ద కంపెనీ ఒకటి "టాప్ టెన్‌లో సీటు" అన్నట్టు మాట్లాడింది, అలాంటి మాట ఎవరు చెప్పినా ఫోన్ పెట్టేయండి, ఆడిషన్‌లో సీటు ఎవరి చేతిలోనూ ఉండదు.

5కి 4 ఇస్తా. లిస్ట్ కోసం గంట సెషన్లు ఓ మూడు నాలుగు తీసుకోండి, మోనోలాగ్‌లకి స్కూల్ డ్రామా టీచర్‌నో లోకల్ థియేటర్ వాళ్ళనో అడగండి, చాలామంది సంతోషంగా చూస్తారు. కోచ్‌తో మొదటి కాల్‌లో మీరు కాదు, మీ పిల్ల మాట్లాడాలి, ఆ కాల్‌లో కోచ్ ఎవరి వైపు చూసి మాట్లాడుతున్నారో గమనించండి, మీ వైపే చూస్తూ ఫీజు గురించి చెప్తుంటే ఇంకొకర్ని వెతుక్కోండి.